మోరి ఊదేవాడు ఎటు చూడాలి

మా థింసా జట్టులోకి ఈ ఏడు కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు రాసిపెట్టమని మేనేజరుగారు అడిగారు. జనం ముందు నిలబడినప్పుడు గుండె జారిపోకుండా ఉండడం ఎలాగో రాయాలట. 'మనోధైర్యం' అని పేరు కూడా ఆయనే పెట్టారు. అరకులో టూరిస్టుల ముందు ఇన్నేళ్లు మోరి ఊదినవాణ్ని కాబట్టి ఆ ధైర్యం నా దగ్గర మూటకట్టి ఉంటుందని ఆయన అనుకున్నట్టున్నారు. మొన్న మొన్నటిదాకా నేనూ అలాగే అనుకున్నాను.

పోయిన చలికాలం ఆ మూట విప్పి చూసుకోవలసి వచ్చింది. విప్పి చూశాక అందులో ఉన్నదేమిటో నాకే అర్థం కావడం లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గాని, ఇక్కడ చెప్పేవాడే కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాడు. కాబట్టి పిల్లలూ, ఇది పాఠం అనుకోకండి. నాకు జరిగింది జరిగినట్టు రాస్తాను, మీకు పనికొచ్చేది ఉంటే ఏరుకోండి.

ఊళ్లో అయితే

మోరి ఎరగని వాళ్లకు ముందు ఒక మాట. చూడ్డానికి పొట్టి సన్నాయిలా ఉంటుంది. పైన తాటాకుతో చేసిన పీక, కింద గరాటులాంటి మూతి. పాట మొదలయ్యాక గాలి ఆగకూడదు. బుగ్గల్లో గాలి నింపుకుని, దాన్ని వదులుతూనే ముక్కుతో కొత్త గాలి పీల్చాలి. అందుకే ఊదేవాడి బుగ్గలు బూరెల్లా పొంగుతూ తగ్గుతూ ఉంటాయి. చిన్నప్పుడు ఆడపిల్లలు నన్ను వెక్కిరించేవాళ్లు.

ఈ పని నేర్పింది మా మేనమామ గాసి. గెడ్డ ఒడ్డున కూర్చోబెట్టి, బొప్పాయి కాడ చేతికిచ్చి నీళ్లలో ఊదమనేవాడు. బుడగలు ఆగితే నెత్తిన మొట్టికాయ పడేది. పొగడడం మా మావకు తెలియదు. బాగా ఊదిన రోజున మొట్టికాయ ఉండేది కాదు, అదే పొగడ్త. బుడగలు ఆగకుండా వచ్చే రోజు వచ్చాక రెండో పాఠం చెప్పాడు. నా బతుకంతా నడిచింది ఆ పాఠం మీదే.

"ఆడోళ్ల కాళ్లు సూసి ఊదరా. ముందర నడిసే మనిసి కాలు ఎలగెడితే నీ గాలి అలగెల్లాల. ఆకాశం సూసి ఊదితే గాలి ఆకాశంలోకే పోద్ది" అన్నాడు.

థింసాలో ఆడవాళ్లు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరస కడతారు. వరసకు ముందు నిలబడే ఆమె ఎటు అడుగేస్తే వరసంతా అటు తిరుగుతుంది. మోరి, తుడుము, డప్పు పట్టిన మగవాళ్లం వాళ్లకు ఎదురుగా నిలబడతాం. వాళ్లు ముందుకొస్తే మేం వెనక్కి, వాళ్లు వెనక్కెళితే మేం ముందుకు. చైత్రంలో ఇటుకల పండగ వచ్చిందంటే ఊళ్లో వాయించే మేం తప్ప మగాళ్లంతా వేటకు, ఆడవాళ్లు ఆటకు. చూసేవాళ్లంటూ ఎవరూ ఉండరు. ముసలమ్మలు కూడా అడ్డపొగ చుట్ట ఆర్పేసి వరసలో దూరతారు. నేను తప్పు ఊదితే తుడుము వాయించే డొంబు నవ్వేవాడు. అంతకు మించి దానికి శిక్ష లేదు.

భయం అన్న మాటే అక్కడ నాకు తట్టలేదు. అది ధైర్యమని మాత్రం ఎవరూ అనకండి. నీళ్లు చూడనివాడు నేను మునగనని చెప్పుకున్నట్టు ఉంటుంది.

వీపు

భయం మొదటిసారి విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున పట్టుకుంది. ఏదో ఉత్సవానికి మా ఊరి జట్టును పిలిచారు. నాకూ మావ కూతురు బుద్రికీ అప్పటికి కొత్తగా పెళ్లయింది. వరసకు ముందు నడిచేది బుద్రే.

వేదిక ఎక్కి చూస్తే, మైకు జనం వైపు పెట్టి ఉంది. నేను అలవాటు ప్రకారం ఆడవాళ్ల వైపు తిరిగాను. ఏర్పాట్లు చూసే ఒకాయన గబగబా వచ్చి నా భుజం పట్టి తిప్పాడు. ప్రేక్షకులకు వీపు చూపించకూడదట, అది మర్యాద కాదట. నిజమే కాబోలు అనుకుని తిరిగాను. ఎదురుగా తలలు. వాటి వెనక ఇంకా తలలు. నేను చూడవలసిన కాళ్లు నా వెనక ఉన్నాయి.

ఊదడం మొదలుపెట్టాను. నాలుగు అడుగుల పాట నడిచిందో లేదో, ఎక్కడున్నానో తెలియలేదు. గాలి గొంతులో అడ్డం పడింది. మోరి మేకపిల్లలా ఒక్కసారి అరిచి ఊరుకుంది. డొంబు తుడుము గట్టిగా బాది ఎలాగో ఆట ముగించాడు. ముందు వరసలో కూర్చున్న పిల్లలు నవ్వారు. వాళ్లను అనడానికి లేదు, నేనైనా నవ్వేవాణ్నే.

తిరిగి ఘాట్ ఎక్కుతున్న బస్సులో, అనంతగిరి దాటాక బుద్రి నా చెయ్యి పట్టుకుని మెల్లగా, "నాకూ అడుగు పడ్నేదు బావా" అంది. నా పాట ఆగాక దాని అడుగు ఆగింది కాబోలు అనుకున్నాను. నన్ను ఓదార్చడానికి అంటోందని కూడా అనుకున్నాను. మారు మాట అడగలేదు.

ఎండిన నోరు

భయం ఛాతీలో ఉంటుందని అందరూ అంటారు. మోరి ఊదేవాడికి అది నోట్లో ఉంటుంది. భయం వేయగానే నోరు ఎండుతుంది. నోరు ఎండితే పీక తడవదు. తడవని పీక పలకదు. పలకలేదని ఇంకా భయం వేస్తుంది. ఆ తర్వాత మిగిలేది మేకపిల్లే.

దీనికి నాకు దొరికినన్ని మందులు ఇంకెవరికీ దొరికి ఉండవు. డొంబు జీలుగుకల్లు తాగి ఎక్కమన్నాడు. ఒకసారి తాగి ఎక్కాను. భయం పోయిన మాట నిజం. పాట కూడా పోయింది. పులి ఆట పాటలోంచి ఆకులు కోసే పాటలోకి ఎప్పుడు దూకానో నాకే తెలియదు, వరసంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. మా వదిన దేవత దగ్గర పసుపుతాడు కట్టించింది. ఆమె తమ్ముడు చర్చికి తీసుకెళ్లి ప్రార్థన చేయించాడు. రెండూ కాదనలేదు. ఎవరి చెయ్యి ఎప్పుడు అందుతుందో చెప్పలేం కదా.

అన్నిటిలోకీ పనికొచ్చింది ఎండు ఉసిరికాయ ముక్క. దవడన పెట్టుకుంటే నోట్లో నీరూరుతుంది. మీరు ఇది మాత్రం రాసుకోండి. కాని ఇది కూడా కొన్ని రోజులు పనిచేసేది, కొన్ని రోజులు చేసేది కాదు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

మూర్తిగారు

అరకులో కొత్తగా కట్టిన ఒక రిసార్టులో రోజూ సాయంత్రం ఆట కావాలని మా జట్టును పనిలో పెట్టుకున్నారు. అక్కడ మా మొదటి మేనేజరు మూర్తిగారు. విజయనగరం వైపు రైతు కుటుంబం. పెద్ద గొంతు, పెద్ద పొట్ట, చెవికి ఎప్పుడూ ఫోను. ఆయన చెడ్డవాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మంచివాడే గాని, ఏ మాటా చివరిదాకా వినేవాడు కాదు.

ఆయనా నన్ను టూరిస్టుల వైపు తిరగమన్నాడు. కాళ్లు కనపడకపోతే ఊదలేనని చెప్పాను. "ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట నీలాంటోడు. డబ్బులిచ్చేది ఆళ్లా, ఆడోళ్ల కాళ్లా?" అన్నాడు. తిరిగాను. ఉసిరికాయ ముక్క నములుతూ, డొంబు తుడుమును పట్టుకుని ఎలాగో ఈదేవాణ్ని. ఈ పని మానేసి కాఫీ తోటలో కూలికి పోదామని చాలాసార్లు అనుకున్నాను.

ఒక వానరోజు కరెంటు పోయింది. మైకు పనిచేయదు. టూరిస్టులంతా పెద్ద రేకుల షెడ్డు కిందికి చేరారు. మేమూ అక్కడే ఇరుక్కున్నాం. మైకు లేనప్పుడు దానికి ఎదురుగా నిలబడవలసిన అవసరం ఏముంది? నేను బుద్రి వైపు తిరిగాను. అంతే, ఊళ్లో ఊదినట్టే ఊదాను. ఎంతసేపు ఊదానో గుర్తులేదు. టూరిస్టులు లేచి వరసలో చేరారు. మూర్తిగారు ఫోను జేబులో పెట్టుకున్నాడు, ఆయన ఫోను జేబులో పెట్టుకోవడం నేను చూసింది అదొక్కసారే.

మర్నాడు నేను వెళ్లేసరికి మైకు పక్కకు మార్చి ఉంది. నేను ఆడవాళ్ల వైపు తిరిగి ఊదితే గాలి మైకులోకి పోయేలా పెట్టించాడు.

పై అధికారుల గురించి మీకు ఒక మాట. మన పని వాళ్లకు తెలియకపోతే కోపం తెచ్చుకోకండి. మన పని మనకైనా పూర్తిగా తెలుసా అన్నది నాకిప్పుడు అనుమానమే.

బుద్రి కాళ్లు

ఆ రోజు నుంచి చాలా ఏళ్లు నాకు భయం లేదు. మైకు పక్కకు, కళ్లు కాళ్ల మీదికి. హైదరాబాదులో ఊదాను, ఢిల్లీలో ఊదాను. పెద్దపెద్దవాళ్లు ముందు కూర్చున్నారని తర్వాత ఫొటోల్లో చూస్తేగాని నాకు తెలియదు. నేను చూసింది బుద్రి కాళ్లనే.

ఆ కాళ్లు నాకు తెలిసినట్టు నా చేతులు కూడా తెలియవు. ఎడమ చీలమండ మీద చిన్నప్పుడు గంజి ఒలికిన మచ్చ. మడమల నిండా పగుళ్లు. కుడి కాలి వేలికి మెట్టె వదులు. అడుగెయ్యబోయే ముందు ఆ వేలు కొద్దిగా పైకి లేస్తుంది. ఆ వేలు లేవగానే నేను గాలి మార్చేవాణ్ని. మా చిన్నదానికి జ్వరం కాసి ఇంట్లో పడుకుని ఉన్న రోజు కూడా ఆ వేలు అలాగే లేచింది. మా మావ చనిపోయిన నెలలో కూడా అలాగే లేచింది. దీని గుండె ఇనుముతో చేశారా అనుకునేవాణ్ని.

జట్టులో వాళ్లు నన్ను 'భయంలేని సోమన్న' అనేవాళ్లు. నేను లోపల నవ్వుకునేవాణ్ని. ధైర్యం నాది కాదు, ఎదురుగా ఉన్న మనిషిది. నేను దాన్ని చూసి బతుకుతున్నాను. బుద్రి అంటే నాకు ఎంత ఇష్టమో నోటితో ఎప్పుడూ చెప్పలేదు. రోజూ సాయంత్రం కాళ్లు చూసి ఊదుతున్నాను కదా, అదే చెప్పడం అనుకున్నాను.

మీకు పాఠం రాయమని అప్పుడు అడిగి ఉంటే ఒక్క ముక్కలో రాసేవాణ్ని. నీకంటే గట్టి మనిషిని ఒకరిని చూసుకో, వాళ్ల మీద కళ్లు పెట్టి పనిచెయ్యి, అని.

కొత్త కాళ్లు

రెండేళ్ల కిందట బుద్రి మోకాళ్లు అరిగిపోయాయన్నారు డాక్టరుగారు. ఇక ఆడకూడదన్నారు. దాని చోట చిట్టి అన్న అమ్మాయి వచ్చింది. కాలేజీలో చదివి వచ్చిన పిల్ల, చురుకైనది, నన్ను తాతా అని పిలుస్తుంది. చక్కగా ఆడుతుంది. కాని అది జనం వైపు చూసి నవ్వుతూ, తుడుము దెబ్బ విని అడుగేసేది. నేను దాని కాళ్ల కోసం చూసేవాణ్ని, అవి నేననుకున్న చోటికి వచ్చేవి కావు. అడుగు వస్తుందని గాలి బిగబట్టేవాణ్ని. మోరిలో గాలి బిగబట్టడమంటే నడుస్తున్న ఎద్దుకు అడ్డం నిలబడడమే.

ఈ వయసులో మళ్లీ నోరు ఎండడం మొదలైంది. ఉసిరికాయలన్నీ అయిపోయాయి. ఒక సాయంత్రం పాట మధ్యలో పూర్తిగా ఆగిపోయాను. మోరి నోట్లోనే ఉంది, గాలి లేదు. టూరిస్టులు ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. డొంబు లేడు, వాడు పని మానేసి అప్పటికి చాలా కాలం. కొత్త తుడుమువాడు నన్ను చూస్తూ నిలబడ్డాడు.

రిసార్టువాళ్లు అందరికీ ధైర్యం నేర్పడానికి విశాఖనుంచి ఒక మేడమ్‌ను పిలిపించారు. ఆమె గురించి తేలిగ్గా మాట్లాడను, బాగా చదువుకున్నామె, ఓపిక గలది. మెల్లగా గాలి పీల్చి, ఆపి, వదలమంది. మిగతా వాళ్లకు అది బాగా పనిచేసింది. తుడుముకుర్రాడు ఇప్పటికీ అలాగే చేసి ఎక్కుతాడు. నాకు మాత్రం గాలి ఆపమంటేనే గుండె దడ. ఆపకుండా ఊదడమే చిన్నప్పటినుంచి నేర్చుకున్నాను మరి. ఆమెతో ఆ మాటే చెప్పాను. అప్పుడామె, మీరు ఊదేటప్పుడు ఎటు చూస్తారని అడిగింది. కాళ్లు చూస్తానన్నాను. "అయితే అవే చూడండి. వేరే దారి నాకూ తోచడం లేదు" అంది. మంచి మాటే. కాని చూడవలసిన కాళ్లు ఇంట్లో మంచం మీద ఉన్నాయి.

పెన్ డ్రైవు

ఇప్పటి మేనేజరుగారు మూర్తిగారి తర్వాత వచ్చిన యువకుడు. మాట మెత్తన, పని వేగం. నేను బాగా ఊదే రోజుల్లో ఒక స్టూడియోలో నా మోరిని రికార్డు చేశారు. అది పెన్ డ్రైవులో ఉంది. దాన్ని స్పీకర్లో పెడదాం, మీరు మోరి పట్టుకుని ఊదుతున్నట్టు నిలబడండి చాలు, అన్నారు. నన్ను అవమానించాలని కాదు. నన్ను కాపాడుతున్నానని అనుకున్నారు. అదే ఎక్కువ బాధపెట్టింది.

ఒకరోజు పొద్దున్న పెట్టి చూశారు, నేను మోరి ఊరికే నోటికి ఆనించి నిలబడ్డాను. అది నా పాటే, ఒక్క తప్పు లేదు. నా పడుచుతనం స్పీకర్లోంచి నన్ను చూసి నవ్వుతున్నట్టు ఉంది. వరస మాత్రం కుదరలేదు. ఆడవాళ్లు మలుపు దగ్గర ఒకరినొకరు తొక్కుకున్నారు. పాత వాళ్లు ఇద్దరు, ఎన్నో ఏళ్లుగా ఆడుతున్నవాళ్లు, అడుగు పడ్డంలేదన్నారు. నాకు లోలోపల సంతోషం వేసింది. పెన్ డ్రైవుకు కళ్లు లేవు, అది కాళ్లను చూడలేదు, అందుకే కుదరడం లేదని మేనేజరుగారితో అన్నాను. అలవాటైతే అదే కుదురుతుందన్నారు ఆయన.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. కొద్ది రోజుల్లో లోయలో పెద్ద ఆట ఉంది, బయటి నుంచి చాలామంది వస్తారు. అందులో నేను ఆగకుండా మొదటి నుంచి చివరిదాకా ఊదితే మోరి ఉంటుంది. ఆగితే, ఇక ఎప్పటికీ పెన్ డ్రైవే. నా తర్వాత మోరి పట్టడానికి కొత్తవాణ్ని కూడా తీసుకోరు. మా మావ గెడ్డ ఒడ్డున నాకిచ్చిన పని నాతో ఆగిపోతుంది.

ఇంటికొచ్చి బుద్రికి చెప్పాను. ఆ రోజు నువ్వొచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చో, చాలు, అని బతిమాలాను. అది నా వైపు వింతగా చూసి, సరేనంది. ఆ తర్వాత రోజూ పొద్దున చిట్టి మా ఇంటికి రావడం, ఇద్దరూ వాకిట్లో గుసగుసలాడుకోవడం చూశాను. ఆడవాళ్ల మాటలు అనుకుని వదిలేశాను.

దుప్పటి

ఆ సాయంత్రం మంచు బాగా దిగింది. మనుషులు మాట్లాడితే నోటినుంచి పొగ వస్తోంది. వరస వెనక, నాకు కనపడే చోట, ప్లాస్టిక్ కుర్చీ వేయించాను. బుద్రి వచ్చి కూర్చుంది. కూర్చోగానే మోకాళ్ల నొప్పికి చలి పడదని ఎవరో పుణ్యాత్మురాలు ఒక దుప్పటి తెచ్చి దాని నడుము నుంచి నేల దాకా కప్పేసింది.

కాళ్లు లేవు. దుప్పటి ఉంది.

తీసెయ్యమని సైగ చేశాను. బుద్రి నవ్వి, ఊదమన్నట్టు తల ఊపింది. దానికి నా సైగ అర్థం కాలేదు. తుడుము మొదలైంది. మేనేజరుగారు స్పీకరు దగ్గర నిలబడి ఉన్నారు, చేతిలో ఏముందో నాకు తెలుసు. ఇక చేసేది లేక మోరి ఎత్తాను.

చూడ్డానికి ఇంకేమీ లేక చిట్టి కాళ్లు చూశాను. మొదటి అడుగు నేననుకున్న చోట పడింది. రెండోదీ పడింది. మలుపు దగ్గర ఆగుతుందేమోనని బిగుసుకున్నాను, ఆగలేదు. ఆ అమ్మాయి వేలు లేచీ లేవకముందే నా గాలి మారినట్టు, నా గాలి మారీ మారకముందే దాని కాలు లేచినట్టు ఉంది. ఇదేమిటని తల ఎత్తి చూశాను. చిట్టి జనాన్ని చూడడం లేదు. నవ్వడం లేదు. నా మొహం మీదే కళ్లు పెట్టి ఉంది. పాత వాళ్లిద్దరూ కూడా నన్నే చూస్తున్నారు. ఇన్నేళ్లలో నేను ఆట మధ్య తల ఎత్తి ఆ పాత వాళ్ల మొహాలు చూడలేదని అప్పుడు తెలిసింది.

భయం వేసింది. అయినా గాలి ఆగలేదు. చివరిదాకా ఊదాను. చివర్న ఆడవాళ్లు హుయ్ అని అరిచినప్పుడు నా నోరు తడిగానే ఉంది. ఆ రోజు ఉసిరికాయ పెట్టుకోవడం మరిచిపోయానని తర్వాత గుర్తొచ్చింది.

మేనేజరుగారు వచ్చి చెయ్యి కలిపారు. మోరి ఉంటుందన్నారు, కొత్తగా ఒకణ్ని నేర్చుకోవడానికి పెట్టుకుందామన్నారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. నేను ఆ నెలాఖరున మానేశాను, ఇప్పుడు నేర్పడమే నా పని.

రాజ్మా కాయలు

మర్నాడు పొద్దున బుద్రి ఎండలో కూర్చుని రాజ్మా కాయలు ఒలుస్తోంది. నేను కాఫీ తాగుతూ దుప్పటి సంగతి ఎత్తాను. నీ కాళ్ల కోసం కుర్చీ వేయిస్తే దుప్పటి కప్పుకుని కూర్చుంటావా, నన్ను గెడ్డలో తోసేశావు కదే, అన్నాను.

బుద్రి ఒలవడం ఆపింది.

"నా కాళ్లేటి?" అంది.

"నీ కాళ్లు సూసే కదా ఇన్నేళ్లూ ఊదేను. మావ అలగే సెప్పేడు."

అది నా మొహం చూసింది. హాస్యమాడుతున్నానేమో అని చూసినట్టుంది.

"నాను నీ బుగ్గలు సూసి అడుగేసేదాన్ని బావా. బుగ్గ నిండితే కాలెత్తాల, బుగ్గ తగ్గితే దించాల. అయ్య నాకు అదే సెప్పేడు. 'ఊదేవోడి బుగ్గ సూడే, ఆడే నిన్ను నడిపిత్తాడు' అన్నాడు. కురిసీలో కూకోబెట్టేవంటే నా మొకం సూత్తే నీకు దైర్యం వత్తాదేమో అనుకున్నాను. దుప్పటి కప్పితే నాకేటి తెల్సు? చిట్టికి కూడా అదే సెప్తన్నాను, జనాన్ని సూడకు, తాత బుగ్గలు సూడని."

విశాఖ సముద్రం ఒడ్డున దాని అడుగు ఎందుకు పడలేదో, పెన్ డ్రైవు పెడితే పాత వాళ్లు ఎందుకు తడబడ్డారో ఒక్కసారిగా అర్థమైంది. అది అర్థమయ్యేసరికి మిగతాదంతా అర్థం కాకుండా పోయింది. నేను బుద్రిని పట్టుకుని నిలబడ్డాననుకున్నాను. బుద్రి నన్ను పట్టుకుని నిలబడింది. మరి ఇద్దరినీ పట్టుకున్నది ఏది? ఢిల్లీలో అంతమంది ముందు మమ్మల్ని నిలబెట్టిన ధైర్యం ఎవరిది? ఒకే మనిషి నాకొక మాట, కూతురికి ఇంకొక మాట ఎందుకు చెప్పాడు? తెలిసే చెప్పాడా, ఎవరు ఎటు చూడాలో అంతవరకే చెప్పి ఊరుకున్నాడా? మావ ఉంటే అడిగేవాణ్ని. అడిగితే మొట్టికాయ వేసేవాడేమో.

ఏడుపొచ్చింది నాకు. ఎందుకో చెప్పమంటే చెప్పలేను.

మొన్న పొద్దున బుద్రి మళ్లీ కాయలు ఒలుస్తుంటే, మీకోసం ఇది రాస్తున్నానని చెప్పాను, వద్దంది. "ఈ మాట రాయకు బావా. తెలిత్తే ఆడు దీనికోసం ఆగుతాడు, ఇది ఆడికోసం ఆగుద్ది. ఇద్దరూ ఆగిపోతే ఆటేటి?" అంది. దాని భయం నిజమే. కొత్తగా మోరి నేర్చుకుంటున్న వాడికి నేను చిట్టి కాళ్లు చూడమని చెప్పాను. చిట్టికి బుద్రి వాడి బుగ్గలు చూడమని చెబుతోంది. మావ లాగే మేం కూడా చెరొక మాట చెప్పి ఊరుకుంటే సరిపోయేది.

కాని మా ఇద్దరికీ ఇప్పుడు తెలిసిపోయింది కదా. తెలిశాక ఏమవుతుందో చూడకుండా నాకు నిద్ర పట్టదు. ఆ పొద్దునే లోపలికెళ్లి మోరి తెచ్చాను. పీక తడిపాను. బుద్రి తిట్టుకుంటూనే లేచి, గోడకు నిలబెట్టిన మంచం కోడు పట్టుకుని నిలబడింది. డాక్టరుగారు వద్దన్నారు, ఒక్క అడుగే, అంది.

నేను దాని కాలు చూస్తున్నాను. అది నా బుగ్గ చూస్తోంది. ఇద్దరం ఆగాం. బుద్రి అన్నట్టే అయింది. కాలు లేవదు, గాలి రాదు. పక్కింటి కోడి ఒకటి వచ్చి ఒలిచిన గింజలు తింటున్నా ఇద్దరం కదల్లేదు. వేలు కొద్దిగా లేచినట్టు నాకు అనిపించింది. నా బుగ్గ నిండినట్టు దానికి అనిపించిందట. తర్వాత ఎంత వాదించుకున్నా ఎవరిది ముందో తేలలేదు. అడుగు మాత్రం పడింది, పాట వచ్చింది.

అందుకే రాశాను.